వెండి పూతంత తేడా

తెర మీద ఆకుపచ్చ గీత వలయం దాటింది.

వెంట్రుకవాసి. అంతే. కానీ దాటింది.

రత్నకుమారి ముందు చూసింది. ఆ వెంటనే నరేన్ చూశాడు. చూసి, చేతిలోని టీ కప్పు నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన మనిషి టీ మధ్యలో ఆపాడంటే దాని అర్థమేమిటో నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఏ వర్క్‌షాపు వాడినడిగినా చెబుతాడు.

"మేడం, ఈ వలయం అంచు అంటే ఏమిటి?" అన్నాడు నరేన్.

తెలియక అడగలేదు. ఆమె నోటితోనే చెప్పించాలని అడిగాడు.

"మనం పంపిన సిగ్నల్ అంతా తిరిగొచ్చిందని."

"గీత అంచు దాటితే?"

"పంపినదానికంటే ఎక్కువ తిరిగొచ్చిందని."

"ఈ ఫిల్టర్ లోపల బ్యాటరీ ఏమైనా ఉందా?"

"లేదు."

"ట్రాన్సిస్టర్?"

"లేదు. ఇత్తడి, దాని మీద వెండి, మధ్యలో గాలి. అంతే."

"మరి ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వస్తోంది?"

పక్కనే నిలబడ్డ గంగాధరరావు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆయన ఆ యూనిట్ యజమాని. ఏఎస్ రావు నగర్ పక్కన ఉన్న పెద్ద ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో సర్వీసంతా చేసి, రిటైరయ్యాక విశ్రాంతి అంటే ఒళ్లు మండి ఇక్కడ షెడ్డు తీసుకున్నవాడు. రత్నకుమారి అక్కడ ఆయన దగ్గరే టెస్ట్ ఇంజినీరు. ఆయన బయటికొచ్చిన కొన్నాళ్లకు ఆమే ఫోన్ చేసి, "సార్, మీ దగ్గర బెంచీ ఖాళీగా ఉందా?" అని అడిగి వచ్చేసింది. ఆయన కళ్లజోడు తుడుస్తున్నాడంటే నోటికొచ్చిన మాట మింగుతున్నాడని ఆమెకు తెలుసు.

ఆ మాట ఏమిటో కూడా తెలుసు. 'నేను ముందే చెప్పాను కదమ్మా.'

చెప్పిన మాట నిజమే.

ఆ ఫిల్టర్లు ఒక రాడార్‌లోకి వెళ్లేవి. వాటి చివర్లు మామూలు మర కనెక్టర్లు కావు, నొక్కితే కూర్చునే రకం. ఆ ప్రాజెక్టు వాళ్లు తమ కోసం తామే గీసుకున్నవి. చిక్కంతా అక్కడే. ఆ తెర ఉన్న నెట్‌వర్క్ ఎనలైజర్ ఎంత గొప్ప యంత్రమైనా దానంతట అది ఏదీ కొలవలేదు. కొలిచే ముందు దానికి తెలిసిన ముక్కలు కొన్ని చూపించాలి. దారి మూసేసే ముక్క ఒకటి, దాన్ని షార్ట్ అంటారు. తెరిచి ఉంచే ముక్క ఒకటి. వచ్చినదంతా మింగేసే ముక్క ఒకటి. ఆ ముక్కల పుట్టుపూర్వోత్తరాలు యంత్రానికి ముందే చెప్పి ఉంచుతారు. వాటితో పోల్చుకుని అది తన తప్పులు తాను దిద్దుకుంటుంది. మామూలు కనెక్టర్లకైతే ఈ ముక్కలు డబ్బాలో పెట్టి అమ్ముతారు. ఈ కనెక్టరుకి మాత్రం ప్రపంచంలో ఎవరి దగ్గరా లేవు.

విదేశీ కంపెనీ ఒకటి చేసిస్తామంది. ఎనిమిది నెలలు పడుతుందంది. ఎందుకు, ఎవరికి, ఏ పరికరంలోకి అని వివరాలన్నీ రాసిమ్మంది. సొంతంగా చేస్తే చిక్కు, ఆలస్యమైనా వాళ్ల దగ్గరే కొందామని గంగాధరరావు పెన్ను తీశాడు కూడా. అప్పుడు రత్నకుమారి అంది, "మనమే చేద్దాం సార్."

ఆ మాటకు ఇవాళ పరీక్ష. నరేన్ సంతకం పెడితే ఫిల్టర్లు రాడార్‌లోకి వెళ్తాయి. పెట్టకపోతే ఆర్డరే విదేశానికి వెళ్తుంది. ఆ సంగతి అతను గుమ్మంలోనే మర్యాదగా చెప్పాడు. నారపల్లిలోని రాడార్ ల్యాబ్ నుంచి బయలుదేరి, ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర మెట్రో గుంతల మధ్య గంటసేపు ఇరుక్కుని వచ్చిన మనిషి. అయినా కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. కోపం ఉన్నవాడితో వాదించవచ్చు.

"పొద్దున మీ ముక్కలతో చెక్ చేసినప్పుడు అద్భుతంగా ఉంది కదా?" అన్నాడు నరేన్.

"ఉంటుంది. వాటితోనే నేర్పి, వాటితోనే పరీక్ష పెడితే నూటికి నూరు వస్తుంది. ఇన్నాళ్లూ ఫిల్టర్ పనిచేసే ఫ్రీక్వెన్సీల మేరకే చూశాం. మీరు మొత్తం మేర చూపించమన్నారు, బయటపడింది."

ఆమె అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నరేన్ అనుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరే. భోజనాల వరకూ ఉంటాను. ఆ తర్వాత కాదు."

రత్నకుమారి తెర వైపు తిరిగింది. భయపడటానికి తర్వాత టైముంటుంది. ముందు దొంగ దొరకాలి.

మూడు ముక్కలు. మూడింటిలో ఒకటి తన గురించి తప్పు చెబుతోంది. ఏది? ఆమె గీతను కింది నుంచి పైదాకా మెల్లగా నడిపించింది. తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర గీత బుద్ధిగా అంచునే ఉంది. పైకి వెళ్లేకొద్దీ జరుగుతోంది. జాయింటు వదులైతే గీత ఉన్నచోట ఉండకుండా వణుకుతుంది. మింగే ముక్క చెడితే మొదటి నుంచీ తప్పుతుంది. ఇది అలా లేదు. నెమ్మదిగా, పద్ధతిగా, పైకి పోయేకొద్దీ పెరుగుతోంది. అంటే పొడవు. ఎక్కడో ఒక పొడవు ఆమె యంత్రానికి చెప్పినంత లేదు.

పొడవు లెక్క ఉన్న ముక్క షార్ట్. దాని లోపల ఇరుకైన గొయ్యి ఉంటుంది. సిగ్నల్ ఆ గొయ్యి అడుగుకు తగిలి వెనక్కి వస్తుంది. ఆ లోతెంతో యంత్రానికి చెప్పింది ఆమే. గొయ్యి ఎంత ఇరుకంటే ఏ కొలత సూదీ అందులో దూరదు. డ్రాయింగ్ ఉంది, డ్రాయింగ్ ప్రకారం కోసిన చెయ్యి ఉంది. ఆ రెంటినీ నమ్మి టైప్ చేసింది.

"హన్మయ్య గారిని పిలవండి సార్," అంది.

హన్మయ్య పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. జనగామ వైపు నుంచి కుర్రతనంలో వచ్చి చిల్కానగర్‌లో స్థిరపడ్డ లేత్ పని టర్నర్. ఎస్టేట్‌లో సన్నటి పనంటే అందరూ ఆయన పేరే చెబుతారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, దాచుకోడు.

"నమస్తే సార్," అన్నాడు నరేన్‌తో. తర్వాత ఆమె మొహం చూశాడు. "ఏమైంది మేడం, గట్లున్నరు?"

"ఈ షార్ట్‌లు డ్రాయింగ్ ప్రకారమే కోశారు కదా?"

"ఏంది, గిట్లడుగుతున్రు? మీ డ్రాయింగ్ దాటి ఎన్నడన్న పోయిన్నా నేను?"

"పోలేదు. మొదటి నుంచి చెప్పండి. ఏం చేశారో."

"ఏమున్నది. ఇత్తడి రాడ్ కట్టిన. పొద్దుగాల మెషిన్ వేడెక్కినంక లోపట కోసిన. అంచున లేచిన బర్ తీసిన. భూతద్దం పెట్టి చూసిన. మల్లాపూర్‌ల ప్లేటింగాయనకు నేనే పట్కపోయిన, పోరగాళ్ల చేతికియ్యలే. వెండి పూసిండు. మెత్తటి బట్టల చుట్టుకొని తెచ్చిన. బంగారం పని జేసే అవుసలాయన గూడ గింత నున్నగ జెయ్యడు."

"కోసినప్పుడు లోతు ఎంత?"

"డ్రాయింగ్ ఎంతనో గంత. మీద ప్లేటింగ్ వదిలిన."

రత్నకుమారి చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"ఏం వదిలారు?"

"ప్లేటింగ్, మేడం. వెండి పోయి అడుగున కూసుంటది గద. లోతు తగ్గుతది. గా మందమంత కిందికి ఎక్కువ కోసిన. గిది గూడ చెప్పాల్నా? ముప్పై ఏండ్ల సంది చేస్తున్న."

చెప్పనక్కర్లేదు. అది ఆ ఎస్టేట్ ఆచారం. ఇంజినీరు చివరి కొలత గీస్తాడు, పూతకు పోయే మందం టర్నర్ అడక్కుండా తానే వదులుతాడు. అడిగి చేసేవాడు పని నేర్చుకుంటున్నవాడు. అడక్కుండా చేసేవాడు మేస్త్రీ. ఎవరూ డ్రాయింగ్ మీద రాయరు. రాస్తే అవతలివాడిని అవమానించినట్టు.

కానీ ఈ ఒక్కసారి రత్నకుమారి ఆచారం తప్పింది. ఇది మామూలు ముక్క కాదు, అన్నిటినీ కొలిచే ముక్క. ఎవరి మీదా భారం ఉండకూడదని వెండి మందం తానే లెక్కగట్టి, ఆ మేరకు లోతు కలిపి గీసింది. యంత్రానికి మాత్రం పూత పోగా మిగిలే లోతే చెప్పింది. ఆయనతో చెప్పలేదు. చెబితే, 'నాకు తెల్వదా మేడం' అని నొచ్చుకుంటాడని.

"హన్మయ్య గారూ," అంది నెమ్మదిగా. "డ్రాయింగులో నేను ముందే వదిలాను."

ఆయనకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. భుజం మీది గుడ్డ తీసి మళ్లీ వేసుకున్నాడు.

"ఆఁ? మీరూ వదిలి, నేనూ వదిలితే..."

"గొయ్యి ఒక వెండి పూతంత ఎక్కువ లోతైంది."

నరేన్ నవ్వు ఆపుకున్నాడు. "అజాగ్రత్త వల్ల చెడిపోయిన జాబ్‌లు బోలెడు చూశాను. ఇద్దరి జాగ్రత్త వల్ల చెడింది ఇదే మొదటిది."

"చెడలేదు," అంది రత్నకుమారి.

గంగాధరరావు కళ్లజోడు పెట్టుకున్నాడు. "రాత్రింబవళ్లు కూర్చుని కొత్తవి కోయిస్తే రెండు వారాల్లో..."

"రెండు వారాలు లేవు సార్," అన్నాడు నరేన్.

"కొత్తవి అక్కర్లేదు సార్," అంది ఆమె. "ముక్క అచ్చం డ్రాయింగులా ఉండాలని ఎనలైజర్ అడగదు. అది ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పమంటుంది. మనం తప్పు చెప్పాం. నిజం చెబుదాం."

ఎనలైజర్‌లో తాను కట్టిన కిట్, అంటే ఆ ముక్కల వివరాల పట్టిక, తెరిచింది. యూజర్ కిట్ వన్. షార్ట్ వివరాల్లోకి వెళ్లి, లోతుకు వెండి పూత మందం పన్నెండు మైక్రాన్లు కలిపింది. మళ్లీ ముక్కలన్నీ ఒక్కొక్కటీ చూపించింది. ఫిల్టర్ బిగించింది.

ఆకుపచ్చ గీత వలయం అంచున, లోపలి వైపు, కింది నుంచి పైదాకా బుద్ధిగా పాకింది. ఎక్కడా దాటలేదు.

గంగాధరరావు ఊపిరి వదిలాడు. హన్మయ్య తెరలోకి వంగి, "లోపటికి వచ్చింది," అన్నాడు.

నరేన్ మాత్రం కదల్లేదు.

"బాగుంది మేడం. కానీ నేను నా పైవాళ్ల ముందు ఏమని నిలబడను? బొమ్మ తప్పుగా వచ్చింది, బొమ్మ సరిగ్గా వచ్చేదాకా నంబర్ మార్చారు, సంతకం పెట్టాను అనా?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. అతని కుర్చీలో తానుంటే తానూ అదే అడిగేది. అందుకే అతని మీద ఉన్న కాస్త చిరాకూ ఆ క్షణంలో పోయింది.

"నిజమే. నంబర్ నాది, ముక్క నాది, తీర్పూ నాదే అంటే కుదరదు. మూడో మనిషి చెప్పాలి."

"ఎవరు?"

"ముక్కే. దాన్ని నడిమికి కోద్దాం. లోపలి లోతు మైక్రోస్కోప్ కింద మీరే కొలవండి."

హన్మయ్య ముక్కకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏం కోస్తరు?"

"షార్ట్‌ని. ఒకే రోజు కోసి, ఒకేసారి పూత వేయించినవి మూడున్నాయి. ఒకటి పోతే రెండు మిగుల్తాయి."

"కొలిచే సామాను కోసుకునేటోళ్లను నేనెక్కడ చూడలే మేడం."

"నేనూ చూడలేదు. కానీ వేరే దారి లేదు."

ఆయన మూడు షార్ట్‌లనూ మఖమల్ గుడ్డ మీద వరసగా పెట్టాడు. ట్యూబ్‌లైట్ కింద మూడూ చంద్రుడి ముక్కల్లా మెరిశాయి. నరేన్ ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. మధ్యది ఎంచుకున్నాడు.

"మంచిదే పట్టుకున్నరు," అన్నాడు హన్మయ్య. గొంతులో బాధా ఉంది, మెప్పూ ఉంది.

"ఇంకొకటి," అన్నాడు నరేన్. "కోసే ముందు మీ మాట చెప్పండి. కోశాక కాదు."

రత్నకుమారి లేచి గోడ మీది తెల్లబోర్డు దగ్గరికి వెళ్లింది. మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాసింది: యంత్రానికి ముందు చెప్పిన లోతు కన్నా పన్నెండు మైక్రాన్లు ఎక్కువ. వెనక్కి తిరిగింది.

"అటూ ఇటూ రెండు. అంతకు మించి తేడా వస్తే ఫిల్టర్లు మీరు తీసుకోవద్దు. నేను అడగను."

గంగాధరరావు ఏదో అనబోయాడు. ఆ ఫిల్టర్లు ఆయనవి, ఆ షెడ్డు ఆయనది. ఆమె మొహం చూసి, బోర్డు చూసి, "రాసింది బానే ఉంది. అక్షరాలు కాస్త వంకరగా ఉన్నాయి," అన్నాడు. అది ఆయన అనుమతి.

వైర్‌కట్ మెషిన్ వెనక సందులో ఉంది. శ్యామలమ్మ షాపు. భర్త పోయాక మెషిన్ అమ్మెయ్యమని అందరూ అంటే, అమ్మకుండా నడపడం నేర్చుకున్న మనిషి. సన్నటి తీగతో నిప్పురవ్వలు రాలుస్తూ ఇనుమునైనా వెన్నలా కోసే యంత్రం అది. కరెంటు కోతల రోజులు. ఆ పూట కరెంటు ఉండటమే అదృష్టం.

"జాబ్ మీద జాబ్ ఉంది రత్నా. సాయంత్రం చూద్దాం," అంది శ్యామలమ్మ తల ఎత్తకుండా.

హన్మయ్య ముక్క తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె తల ఎత్తింది. వేలితో ముట్టుకోకుండా వంగి చూసింది.

"ఇది కోస్తారా? ఇది చేసిన తప్పేమిటి?"

"అబద్ధం చెప్పిందని అనుమానం," అన్నాడు నరేన్.

"అబద్ధం ముక్క చెప్పలే సార్," అన్నాడు హన్మయ్య. "మేమిద్దరం కలిసి చెప్పిచ్చినం."

శ్యామలమ్మ నడుస్తున్న జాబ్ ఆపేసింది. "ఈ ఒక్కదానికే. మళ్లీ అడగొద్దు. హన్మయ్యా, నువ్వే కట్టు. నీ ముక్క నా చేత్తో బిగించి తిట్లు తినలేను."

హన్మయ్య ముక్కను వైస్‌లో బిగించాడు. ఒకసారి వదులు చేసి మళ్లీ బిగించాడు. మెషిన్ మొదలవగానే, "జర బీడీ తాగొస్త," అని బయటికి పోయాడు. ఆయన బీడీ మానేసి చాలా ఏళ్లయిందని రత్నకుమారికి తెలుసు.

తీగ నీళ్లలో బుసలు కొడుతూ కదిలింది. రవ్వలు. నీళ్ల చప్పుడు. ఆమె చీర కొంగు చివర వేలికి చుట్టుకుని, విప్పుకుని, మళ్లీ చుట్టుకుంది. వెండి పూత అడుగున సరిగ్గా పడకపోతే? ఇరుకు గొయ్యి, పూత పలచబడి ఉండొచ్చు. హన్మయ్య వదిలిన మందం తాను వదిలిన మందం ఒకటి కాకపోతే? బోర్డు మీద రాసేటప్పుడు రాని ఆలోచనలన్నీ ఇప్పుడొచ్చాయి. వచ్చినా ఏం లేదు. అక్షరాలు అక్కడున్నాయి.

మెషిన్ ఆగింది.

శ్యామలమ్మ రెండు సగాలనూ కడిగి, ఆరబెట్టి, ఒకటి మైక్రోస్కోప్ కింద పెట్టింది. "సార్, మీరే చూసుకోండి. మళ్లీ నేనేదో చేశానంటారు."

నరేన్ వంగాడు. మర తిప్పాడు. మైక్రోస్కోప్‌లోని కొలత గీతను గొయ్యి నోటికి ఆనించాడు, తర్వాత అడుక్కి. లోపల ఇత్తడి పసుపు మీద వెండి సన్నటి తెల్ల గీతలా ఉంది. మళ్లీ మొదటి నుంచి కొలిచాడు. రెండో సగం అడిగి తీసుకుని అదీ కొలిచాడు.

తలుపు దగ్గర హన్మయ్య వచ్చి నిలబడ్డాడు. బీడీ వాసన లేదు.

నరేన్ తల ఎత్తాడు. "పదకొండు," అన్నాడు.

బోర్డు మీది పన్నెండుకి ఒకటే తక్కువ.

"రెండు సగాల్లోనూ పదకొండే. మీరూ చూడండి మేడం."

ఆమె వంగింది. కంట్లో నీళ్లు అడ్డం రావడంతో మొదటిసారి ఏమీ కనపడలేదు. తుడుచుకుని చూసింది. ఇత్తడి మీద వెండి, కొసదాకా ఒకే మందంలో, ఎక్కడా పలచబడకుండా. అద్దంలాంటి గోడలు. గొయ్యి మూల ఎంత పదునుగా ఉందంటే గీతను దాని మీద ఆనించడానికి సందేహమే రాలేదు. ఎవరూ ఎప్పటికీ చూడని చోట అంత పని.

"హన్మయ్య గారూ, ఇటు రండి. మీ పని లోపలి నుంచి ఎప్పుడైనా చూశారా?"

ఆయన చాలాసేపు చూశాడు. లేచి, "మల్లాపూరాయన గూడ మంచిగనే పూసిండు," అన్నాడు. తన గురించి ఏమీ అనలేదు. అనక్కర్లేదన్నట్టు నిలబడ్డాడు.

"గా ఒక్క మైక్రాన్ ఏడికి పోయింది మరి?" అన్నాడు కాసేపటికి.

"అది నాకు వదిలెయ్యండి," అంది రత్నకుమారి.

యూనిట్‌కి తిరిగొచ్చాక నరేన్ ఫిల్టర్లన్నీ ఒక్కొక్కటీ పెట్టించి మొత్తం మేర చూశాడు. ఒక్కటీ వలయం దాటలేదు. టిఫిన్ బాక్సులు తెరిచినా ఎవరికీ అన్నం మీద ధ్యాస లేదు. గంగాధరరావు మాత్రం రెండుసార్లు పెరుగు వేసుకున్నాడు.

రిపోర్టు నింపుతూ నరేన్ ఆగాడు.

"ఇక్కడ కేలిబ్రేషన్ కిట్ పేరు రాయాలి. యూజర్ కిట్ వన్ అంటే ఎవరిదని అడుగుతారు. మిగతా కిట్‌లన్నిటికీ తయారుచేసిన కంపెనీల పేర్లున్నాయి. దీనికేం పేరు?"

"రత్న అని పెట్టమ్మా," అన్నాడు గంగాధరరావు.

"వద్దు సార్. గీసింది నేను. కోసింది ఆయన. పూసింది మల్లాపూర్. నడిమికి చీల్చింది శ్యామలమ్మ."

"మరి?"

ఆమె ఎనలైజర్ ముందు కూర్చుంది. కిట్‌ల వరస తెరిచింది. పైనుంచి కిందిదాకా విదేశీ పేర్లు, నంబర్లు. అన్నిటికంటే కింద తనది. దాని మీద క్లిక్ చేసి, పాత పేరు చెరిపి, ఇంగ్లిషు అక్షరాల్లో టైప్ చేసింది: నాచారం వన్.

నరేన్ తెర చూశాడు, అదే పేరు రిపోర్టులోకి ఎక్కించాడు, కింద సంతకం పెట్టాడు. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. "మా ల్యాబ్‌లోనూ ఇదే కనెక్టర్‌తో తంటాలు పడుతున్నాం. ఈ కిట్ మాకొకటి చేసిస్తారా?"

గంగాధరరావు, "ఎనిమిది నెలలు పడుతుంది," అన్నాడు గంభీరంగా. నరేన్‌కి ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత నవ్వుతూ వెళ్లిపోయాడు.

హన్మయ్య ఇంకా తెర ముందే ఉన్నాడు. విదేశీ పేర్ల కింద ఉన్న ఆ ఒక్క పేరునే చూస్తున్నాడు. ఎడమ చేతిలో కోసిన ముక్క సగం ఉంది. రెండోది రత్నకుమారి బల్ల మీద, మఖమల్ గుడ్డ పైన.

"వన్ అంటే టూ గూడ ఉంటది గద మేడం. డ్రాయింగ్ ఎప్పుడిస్తరు?"

"రేపే ఇస్తాను. ముందు ఒకటి తేలాలి. ప్లేటింగ్ ఎవరు వదుల్తారు?"

ఆయన సగం ముక్కను జేబులో వేసుకున్నాడు.

"నేనే వదుల్త. మీరు ఊకె ఫికర్ చెయ్యకున్రి," అని లేత్ వైపు నడిచాడు.